ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఆన్‌లైన్‌లో వాదన: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మిగతా టైములో, మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "దారిన పోయేవాళ్ళందరితో ఫోన్లో తగువు" పెట్టుకుంటాను. ఆర్కుట్ రోజుల నుంచీ ఇదే అలవాటు. సైన్స్, చరిత్ర, భాష, ఎలక్షన్లు, సెల్ టవర్లు, ఏదొస్తే అది. పాత విద్యార్థులు, స్టాఫ్ రూమ్‌లో వాళ్ళు, అప్పుడప్పుడూ నాతో గొడవపడ్డ వాళ్ళు కూడా ఇన్‌బాక్స్‌లో అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ టైప్ చేయలేక జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

ఇంతకీ ఎందుకండీ ఈ గోల? పనీపాటా లేదా మీకు?

ఉంది. దిద్దాల్సిన ఆన్సర్ షీట్లు ఎనభై పక్కనే ఉన్నాయి.

నిజం చెప్పాలంటే సగం సరదా. అది దాచి "సమాజ సేవ" అంటే మీరూ నమ్మరు. మిగతా సగం మాత్రం ఒక ఫోన్ కాల్ వల్ల వచ్చింది. 2021లో సెల్ టవర్ రేడియేషన్ మీద ఒకాయనతో మూడు గంటలు వాదించాను. ఆయన చివరిదాకా ఒక్క ముక్క ఒప్పుకోలేదు. పైగా "కంపెనీల దగ్గర ఎంత తీసుకున్నావ్?" అని అడిగి వెళ్ళిపోయాడు. వారం తర్వాత నా పాత విద్యార్థి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మా అపార్ట్‌మెంట్‌లో టవర్ తీయించాలని సంతకాలు పెట్టిస్తుంటే మీరు రాసింది చూపించాను. సగం మంది సంతకం పెట్టలేదు" అంది. ఆ అమ్మాయి ఆ వాదనలో ఒక్క లైక్ కూడా కొట్టలేదు. చదువుతోందని నాకు తెలియనే తెలియదు.

అప్పటి నుంచి ఎదుటివాడి కోసం రాయడం మానేశాను. నోరు మెదపకుండా చదివేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇలా అనుకున్నాక బీపీ కూడా కాస్త తగ్గింది. ఎదుటివాడు ఒప్పుకోకపోతే ఇప్పుడు అంత బాధ ఉండదు.

ఆ 5జీ వాదనలో ఏం చెప్పారు? మా వాళ్ళకీ చెప్పాలి.

సెకండ్ వేవ్ నడుస్తున్న రోజులు గుర్తున్నాయా? ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు పెడుతుంటే "ఇది కరోనా కాదు, 5జీ టెస్టింగ్ వల్ల జనం పోతున్నారు" అనే మెసేజ్ ఊరూరా తిరిగింది.

ఫిజిక్స్ మాస్టారిని కదా, ముందు ఫిజిక్సే అందుకున్నాను. మన దగ్గర 5జీకి ఎక్కువగా వాడేది 3.3 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల బ్యాండ్. మన కంటికి కనిపించే వెలుతురు ఫ్రీక్వెన్సీ దానికి లక్ష రెట్ల పైనే. ఒక్కో ఫోటాన్‌లో, అంటే ఒక్కో కాంతి రేణువులో, ఉండే శక్తి ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది. అంటే మీ హాల్లో ట్యూబ్‌లైట్ నుంచి వచ్చే ఒక్కో ఫోటాన్ శక్తి ముందు టవర్ నుంచి వచ్చే ఫోటాన్ శక్తి లెక్కలోకే రాదు. మన ఒంటి కణాల్లో రసాయన బంధాలు తెంచాలంటే అల్ట్రావయొలెట్ దాకా, ఆ పైన ఎక్స్‌రేల దాకా పోవాలి. ఇలా నాలుగు పేరాలు రాశాను. రేఖాచిత్రం కూడా గీసి పెట్టాను. గోడకు చెప్పినట్టే అయింది.

పని చేసింది వేరే ముక్క. టెలికాం శాఖ 5జీ ట్రయల్స్‌కు అనుమతి ఇచ్చిందే 2021 మే 4న. అప్పటికి దేశంలో ఎక్కడా 5జీ నెట్‌వర్క్ లేదు. కరోనాకూ 5జీకీ సంబంధం లేదని, ట్రయల్స్ ఇంకా మొదలే కాలేదని ఆ నెలలోనే ఆ శాఖ ప్రకటన ఇచ్చింది. మామూలు జనానికి 5జీ సర్వీసు వచ్చింది 2022 అక్టోబర్ 1న. జనం పోయింది ఏప్రిల్‌లో, మేలో. లేని టవర్ ఎలా చంపుతుంది?

ఫోన్ చేసిన అమ్మాయి కూడా తన అపార్ట్‌మెంట్‌లో ఈ తేదీలే చదివి వినిపించిందట. నా నాలుగు పేరాల ఫిజిక్స్ ఎవరూ అడగలేదు. కొంచెం మనసు చివుక్కుమన్న మాట వాస్తవం.

ఏ విషయం మీద వాదించొచ్చు, ఏది వదిలేయాలి?

నేను చూసేది ఒక్కటే. "ఏం చూపిస్తే మీరు మనసు మార్చుకుంటారు?" అని అడిగితే ఎదుటివాడి దగ్గర ఏదో ఒక జవాబు ఉండాలి. నా దగ్గరా ఉండాలి. తేదీ, శాసనం, కోర్టు తీర్పు, కొలత, ఏదైనా పర్లేదు. ఇద్దరి దగ్గరా లేకపోతే అది వాదన కాదు, కాలక్షేపం. ఎన్టీఆర్ గొప్పా ఏఎన్నార్ గొప్పా అన్నది కాలక్షేపం. హైదరాబాద్ బిర్యానీ మీద గొడవా అంతే, అందులో నేను ఉత్సాహంగా పాల్గొంటాను.

కులం పేరు వచ్చిన చోట నుంచి మాత్రం వెంటనే లేచిపోతాను. "మీ ఇంటిపేరేంటి?" అని అడిగారంటే ఆ మనిషికి కావలసింది నా జవాబు కాదు.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందా లేదా? ప్రతి గ్రూపులోనూ ఇదే గొడవ.

లేదు. ఇది నాకు చాలా ఇష్టమైన వాదన, అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను.

"పుస్తకం, విద్య, సూర్యుడు, భూమి, ప్రేమ, ఇవన్నీ సంస్కృతమే కదా, మరి తెలుగు ఎక్కడుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నేను శాస్త్రం చెప్పను, లెక్క పెట్టమంటాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. తమిళంలో ఒన్రు, ఇరండు, మూన్రు, నాన్గు, ఐందు. కన్నడంలో ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు. ఆదిలాబాద్ వైపు గోండు మిత్రుడెవరైనా ఉంటే అడగండి, రండ్, మూండ్, నాలుంగ్ అంటాడు. ఇప్పుడు సంస్కృతం తీసుకోండి. ఏకం, ద్వే, త్రీణి, చత్వారి, పంచ. హిందీలో ఏక్, దో, తీన్, చార్, పాంచ్. ఎవరు ఎవరికి చుట్టాలో చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు.

తర్వాత ఒంటి మీద చేయి పెట్టి చూపించమంటాను. కన్ను: తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు. పల్లు: తమిళంలోనూ పల్, కన్నడంలో హల్లు. సంస్కృతంలో నేత్రం, దంతం. అవీ మనం వాడతాం, కానీ డాక్టరు బోర్డు మీద. పిల్లాడికి దెబ్బ తగిలితే "అమ్మా, కన్ను!" అంటాడు కానీ "నేత్రం!" అనడు కదా. ఒక భాష ఇంకో భాష నుంచి సంతలో సరుకు కొన్నట్టు మాటలు కొనుక్కుంటుంది. లెక్కపెట్టుకునే మాటలు, ఒంటి భాగాలు, నేను, నువ్వు లాంటివి మాత్రం అంత తేలిగ్గా మార్చుకోదు.

ఇదేమీ నేటి రాజకీయం కాదు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే తెలుగు సంస్కృత జన్యం కాదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ఆధారాలతో రాశాడు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్ళకు, 1856లో. ఎల్లిస్ పేరు మనవాళ్ళలో చాలామందికి తెలియకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇక రెండో వైపు. ఇంత చెప్పగానే తమిళ మిత్రుడొకడు దిగి "చూశారా, తెలుగు తమిళం నుంచే పుట్టింది" అంటాడు. అదీ కాదు. తమిళం, కన్నడం, మలయాళం, తుళు ఒక కొమ్మ. తెలుగు, గోండి, కువి, కొండ భాషలు ఇంకో కొమ్మ. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు దీని మీద జీవితకాలం పనిచేశారు. అక్కాచెల్లెళ్ళను పట్టుకుని తల్లీకూతుళ్ళు అంటే ఎలా? కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల తెలుగు శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. "అంతకుముందు తెలుగే లేదు, ఇదిగో రుజువు" అని కూడా అదే శాసనాన్ని చూపిస్తారు. మనిషి బర్త్ సర్టిఫికెట్ తీసుకున్న రోజే పుట్టాడని అన్నట్టుంటుంది.

మెకాలే అలా అన్నాడని పోస్టర్ ఉంది కదా?

ఉంది. భారతదేశం నలుమూలలా తిరిగినా ఒక్క బిచ్చగాడు, ఒక్క దొంగ కనిపించలేదని, కాబట్టి వీళ్ళ చదువును విరిచేయాలని 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో ప్రసంగించాడని ఆ పోస్టర్. ఏడాదికి నాలుగైదు సార్లు నా దగ్గరికొస్తుంది. ఒకసారి జరిగింది ఉన్నదున్నట్టు పెడతాను, పేర్లు లేకుండా.

"బ్రదర్, ఇది పార్లమెంట్ రికార్డు."

"పేజీ నంబరు ఏమైనా ఉందాండీ?"

"ఫొటో కనపడట్లేదా మీకు?"

"కనపడుతోందండీ. ఆ రోజు మెకాలే ఎక్కడున్నాడు?"

"లండన్లో. ఇంకెక్కడుంటాడు?"

"కలకత్తాలో ఉన్నాడండీ. 1834లో మద్రాసులో దిగాడు. 1835 ఫిబ్రవరి 2న కలకత్తాలో కూర్చుని గవర్నర్ జనరల్ బెంటింక్‌కు చదువుల మీద నోట్ రాశాడు. మీ పోస్టర్ తేదీ ఆ నోట్ తేదీయే."

ఇరవై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత వచ్చింది.

"అయితే మాత్రం, వాడు మన చదువుల్ని నాశనం చేయలేదంటావా?"

"బ్రదర్" పోయి "అంటావా" వచ్చింది గమనించారా? అయినా ఆ ప్రశ్న మంచిదే, దాని మీద నేను చాలావరకు ఆయన వైపే. నిజంగా మెకాలే రాసిన ఆ నోట్‌లో ఏముందంటే, మంచి యూరోపియన్ లైబ్రరీలో ఒక్క అల్మరా అరలోని పుస్తకాలు భారతదేశం, అరేబియా సాహిత్యం మొత్తానికి సమానమని. ఇంతకంటే ఏం కావాలి తిట్టుకోవడానికి? అసలు సరుకు చేతిలో ఉండగా నకిలీ నోటు పట్టుకుని బజారుకెళ్ళడం నాకు అర్థం కాదు. అదే చెప్పాను. "సరే సర్ థ్యాంక్స్" అన్నాడు. పోస్టర్ మాత్రం తీసేయలేదు.

ఇలాంటిదే నెహ్రూది. "చదువుతో ఇంగ్లీషువాణ్ణి, సంస్కృతితో ముస్లింని, పుట్టుక అనే యాక్సిడెంట్‌తో హిందువుని" అని ఆయనే చెప్పుకున్నాడంటారు. అది ఆయన గురించి హిందూ మహాసభ నాయకుడు ఎన్.బి.ఖరే 1959లో రాసిన మాట. నెహ్రూను విమర్శించాలంటే కశ్మీర్, చైనా, లైసెన్స్ రాజ్ అన్నీ ఉన్నాయి, ఈ మాట అవసరమే లేదు.

దీపావళి రాత్రి ఇండియా, నాసా ఫొటో?

దీపావళిది కాదు. అమెరికా వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్త 2003లో చేసిన చిత్రం. 1992, 1998, 2003 సంవత్సరాల్లో ఏ ఊళ్ళో కొత్తగా దీపాలు వెలిగాయో రంగుల్లో చూపించాడు, జనాభా ఎలా పెరిగిందో తెలియడానికి. 2012లో నాసా దీపావళి పండగ రోజుల్లో నిజంగా తీసిన రాత్రి ఫొటోనే విడుదల చేసి, మామూలు రోజుకూ దానికీ పెద్ద తేడా కనపడదని వివరించింది. మతాబుల వెలుగు అంతరిక్షానికి వెళ్ళి ఆ రంగుల్లో కనిపించాలంటే మన శివకాశి సరిపోదు.

అపోలో బూటకమంటున్నారు. జెండా ఎగిరిందట.

జెండా పైఅంచులో అడ్డంగా కడ్డీ ఉంది. గాలి లేదని తెలుసు కాబట్టే పెట్టుకెళ్ళారు. అపోలో 11, 14, 15 యాత్రల వాళ్ళు అక్కడ పెట్టొచ్చిన అద్దాల మీదికి ఇవాళ్టికీ భూమి నుంచి లేజర్ కొట్టి దూరం కొలుస్తున్నారు. ఇంకా నమ్మకపోతే మన చంద్రయాన్-2 ఆర్బిటర్ కూడా అపోలో 11 దిగిన చోటును ఫొటో తీసింది. నేను చివరిదే ముందు చెబుతాను. నాసాను నమ్మనివాడు కూడా ఇస్రోను కాదనడానికి జంకుతాడు.

ఈవీఎంల మీద మీ అభిప్రాయం? ఏ పార్టీ మీరు?

రెండో ప్రశ్నే మొదటిదాన్ని పాడుచేస్తుంది. మన రాష్ట్రాల్లో ఈ వాదనలో దిగితే ఐదు నిమిషాల్లో ఒకడు "పేటీఎం బ్యాచ్" అంటాడు, ఇంకొకడు "పచ్చ కామెర్లు" అంటాడు. పార్టీ తేలేదాకా నువ్వు చెప్పింది చదవరు.

అందుకే నేను ముందు ఒక వరస పెడతాను. 2009లో ఓడినప్పుడు ఈవీఎంల మీద అనుమానం చెప్పింది బీజేపీ. తర్వాత ఆ పార్టీ ఎంపీ అయిన జీవీఎల్ నరసింహారావు 2010లో దాని మీద పుస్తకమే రాశారు. 2019లో చంద్రబాబు నాయుడు, ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ చీటీల్లో సగమైనా లెక్కపెట్టాలని మిగతా ప్రతిపక్షాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నియోజకవర్గానికి ఒక బూత్ బదులు ఐదు బూత్‌ల చీటీలు లెక్కించమని 2019 ఏప్రిల్ 8న కోర్టు చెప్పింది. 2024లో ఓడాక పేపర్ బ్యాలెట్ కావాలన్నది జగన్మోహన్ రెడ్డి. అంటే మిషన్ గెలిచినప్పుడు బంగారం, ఓడినప్పుడు దొంగ. ఈ వరస పెట్టాక రెండు వైపుల వాళ్ళూ ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణంలోనే అసలు విషయం చెప్పాలి.

అసలు విషయం ఇదీ. 2010లో హైదరాబాద్ ఇంజనీర్ వేమూరు హరిప్రసాద్, మరో ఇద్దరు విదేశీ నిపుణులు నిజమైన ఈవీఎంను పరీక్షించి, లోపలి డిస్‌ప్లే బోర్డు మారిస్తేనో, మెమరీ చిప్ మీద చిన్న పరికరం తగిలిస్తేనో ఓట్లు తారుమారు చేయొచ్చని చూపించారు. అది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఆ మిషన్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని హరిప్రసాద్‌ను అరెస్టు కూడా చేశారు, నాకది ఇప్పటికీ తప్పే అనిపిస్తుంది. కానీ వాళ్ళు చూపించిన రెండు పద్ధతులకూ మిషన్‌ను చేత్తో పట్టుకోవాలి. అమెరికాలో కూర్చుని వైఫైతో మార్చేశారన్నది ఆ పరీక్షలో లేదు. కాబట్టి అడగాల్సింది సీళ్ళ గురించి, స్ట్రాంగ్ రూమ్‌ల గురించి, ఎన్ని చీటీలు లెక్కపెట్టారన్న దాని గురించి. చీటీలన్నీ లెక్కించాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ తీర్పుతో మీరు ఏకీభవించకపోవచ్చు. దాని మీద వాదించండి, నేనూ వస్తాను.

"మరి వాళ్ళు చేసినప్పుడు నీ నోరెందుకు లేవలేదు?" అంటే ఏం చెప్పాలి?

లేచి ఉంటే ఆ లింక్ పెట్టండి. లేవకపోతే "అవును, అప్పుడు లేవలేదు, తప్పే. ఇప్పుడు దీని సంగతి చెప్పండి" అనండి. ఈ ప్రశ్నకు పొడుగాటి జవాబు రాయడమే ఓటమి.

వాదన చెడిపోతోందని ఎప్పుడు తెలుస్తుంది?

ఇంగ్లీషులో వాదించేవాళ్ళకు లేని థర్మామీటర్ ఒకటి మనకుంది. "మీరు" ఎప్పుడు "నువ్వు" అవుతుందో చూడండి. "అండీ", "గారు", "సార్" ఉన్నంతసేపు పర్లేదు. "బ్రో" మధ్యస్తం, ఎటైనా పోవచ్చు. "తమ్ముడూ, ఇంకా చదువుకో" వచ్చిందంటే జ్వరం మొదలైంది. "ఏరా" దాకా వస్తే ఫోన్ పక్కన పెట్టి మంచినీళ్ళు తాగండి. ఒక మినహాయింపు ఉంది. "మేధావి గారూ" అన్నప్పుడు ఆ "గారు" మర్యాద కాదు, దాన్ని "ఏరా" కిందే లెక్కేయండి.

నేను పెట్టుకున్న నియమం, వాళ్ళు దిగినా నేను "మీరు" నుంచి దిగను. పుణ్యం కోసం కాదు. కింద చదివేవాడికి ఎవరు తిడుతున్నారో, ఎవరు చెబుతున్నారో కళ్ళకు కట్టినట్టు కనపడుతుంది. తెలంగాణలో కొన్నిచోట్ల ముద్దుగానే "నువ్వు" అంటారు, మా పక్క పెద్దవాళ్ళు కూడా. దాన్ని పట్టుకుని గొడవ పెట్టుకోకండి.

ఎన్ని రిప్లైల తర్వాత ఆపాలి?

నాలుగు. అయిదోది రాసినా పోస్ట్ చేయను.

ఇది గాల్లోంచి తీసిన అంకె కాదు. రెడిట్ అనే చర్చల సైట్‌లో "నా అభిప్రాయం మార్చండి" అని జనం తమంతట తామే అడిగే వేదిక ఒకటుంది, మనసు మారితే ఎదుటివాళ్ళకు డెల్టా గుర్తు ఇస్తారు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఆ వాదనలన్నీ తవ్వి 2016లో ప్రచురించారు. ఇద్దరి మధ్య అటూ ఇటూ అయిదు విడతలు దాటాక మనసు మారే అవకాశం దాదాపు సున్నా. అదీ, మార్చమని అడిగినవాళ్ళ దగ్గర! మన దగ్గర అడక్కుండానే దూరతాం కదా, నాలుగు కూడా ఎక్కువేనేమో. అందులోనే ఇంకో మాట ఉంది. ఎదుటివాడు వాడిన మాటలే తిప్పి కొట్టేవాళ్ళ కంటే, కొత్త మాటలు, కొత్త కోణం తెచ్చినవాళ్ళే ఎక్కువ ఒప్పించారు.

ఆధారం చూపిస్తే జనం ఇంకా మొండికేస్తారని ఎక్కడో చదివాను.

నేనూ చదివాను, ఏళ్ళ తరబడి అందరికీ చెప్పాను కూడా. 2010లో నైహన్, రైఫ్లర్ అనే ఇద్దరు ప్రచురించిన పరిశోధనతో ఆ మాట పాకింది. తర్వాత వుడ్, పోర్టర్ అనే ఇద్దరు పదివేల మందికి పైగా మనుషుల్ని, 52 అంశాలను తీసుకుని చూస్తే అలాంటి ఎదురుదెబ్బ దాదాపు ఎక్కడా కనపడలేదు. సరైన సమాచారం ఇస్తే జనం ఎంతో కొంత సర్దుకుంటారు. ఆ రోజే, మీ ముందే, "నేను తప్పు" అని టైప్ చేయరు, అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని పదిమందిలో అంటాడు, ఇంటికెళ్ళాక లెక్కపెట్టుకుంటాడు.

ఏఐని అడిగి స్క్రీన్‌షాట్ పెడితే సరిపోదా?

వెతకడానికి వాడుకోండి, సాక్ష్యంగా పెట్టకండి. అడిగిన తీరును బట్టి జవాబు మారుతుంది. లేని తీర్పులు, లేని పుస్తకాలు ఉన్నట్టే చెప్పడం నేనే చూశాను. అది చెప్పిన చోటుకు వెళ్ళి మీరే చదివి, ఆ చోటును చూపించండి.

అలాగని కొట్టిపారేయను. కుట్ర సిద్ధాంతాలు నమ్మే రెండు వేల మందికి పైగా జనంతో ఏఐ మాట్లాడితే వాళ్ళ నమ్మకం సగటున 20 శాతం తగ్గిందని, రెండు నెలల తర్వాత కూడా ఆ తగ్గుదల నిలిచిందని 2024లో ఒక పరిశోధన వచ్చింది. మిషన్‌కు విసుగు రాదు, ఎత్తిపొడవదు, ఆ మనిషి చెప్పిన కారణానికే జవాబిస్తుంది. ఈ మూడూ నాకూ చేతనైతే బాగుండును.

వాదిస్తే కేసు పెడతారా?

నేను లాయర్ని కాదు. తెలిసినంత చెబుతాను. "ఇబ్బంది కలిగించే" మెసేజ్‌కు జైలు అనే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని 2021లో అదే కోర్టు ఆశ్చర్యపోయింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత ఉంది. అందులో 356 పరువు నష్టం, 196 వర్గాల మధ్య వైరం పెంచడం. వాదన ఈ సెక్షన్ల దాకా ఎప్పుడు పోతుందంటే, మనిషి చేసిన పనిని వదిలి మనిషిని, వాడి కులాన్ని, మతాన్ని అన్నప్పుడు. "ఈ లెక్క తప్పు" అన్నందుకు నాకు ఇప్పటిదాకా ఎవరూ నోటీసు పంపలేదు. "వాడు లంచం తిన్నాడు" అని ఆధారం లేకుండా రాసిన మిత్రుడికి మాత్రం వచ్చింది.

నేను అమ్మాయిని. రాజకీయం మీద ఒక్క మాట రాస్తే ఇన్‌బాక్స్ నిండా చెత్త. నాకూ ఇవే సలహాలా?

కాదమ్మా. నాకు పడే తిట్లు నా తెలివి మీద, మీకు పడేవి మీ ఒంటి మీద. రెండూ ఒకటి కావు. పైన రాసిన "మీరు నుంచి దిగను", "నాలుగు రిప్లైలు" లాంటివి మీకు వర్తించవు. మొదటి బూతుకే బ్లాక్ చేయండి, వివరణ ఇవ్వక్కర్లేదు. బ్లాక్ చేసే ముందు మాత్రం ప్రొఫైల్ లింక్, తేదీ, టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెట్టడం న్యాయ సంహిత 78 కింద నేరం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. "అందుకే రాయొద్దన్నాం" అనని మనిషిని చూసి చెప్పండి.

మా పెదనాన్న ఫ్యామిలీ గ్రూపులో ప్రతి ఉదయం ఫేక్ ఫార్వర్డ్‌లు...

ఎద్దు ఈనిందంటే గాట కట్టేయమనే రకం ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఈ పేజీ తెలియనివాళ్ళ గురించి. పెదనాన్నకు గ్రూపులో కాదు, విడిగా ఫోన్ చేసి చెప్పండి. పండక్కి వెళ్ళాలి కదా.

మీరెప్పుడైనా ఓడిపోయారా? నిజం చెప్పండి.

కోహినూర్ దగ్గర ఘోరంగా ఓడిపోయాను.

"కోహినూర్ మన కొల్లూరు గనిలో దొరికింది, కాకతీయులు భద్రకాళి అమ్మవారి కంట్లో పెట్టారు, 1310లో మాలిక్ కాఫూర్ ఎత్తుకెళ్ళాడు" అని ఆవేశంగా రాశాను. వరంగల్ పక్కవాణ్ణి, ఆ మాత్రం ఆవేశం ఉంటుంది. కింద ఒకాయన, పంజాబ్‌లో ఉద్యోగం చేసే మన తెలుగాయనే, ఒక్క ప్రశ్న అడిగాడు. "కోహినూర్ అనే పేరుతో దొరికే మొదటి రాత ఎప్పటిదండీ?" తిరుగులేని జవాబిద్దామని ఆ రాత్రంతా వెతికాను. దొరికింది నాదిర్షా 1739లో ఢిల్లీ దోచుకున్నాక అతని చరిత్రకారుడు మహమ్మద్ కాజిం మార్వి రాసింది. నెమలి సింహాసనంలో చూశానని రాశాడు. అంతకుముందు పెద్ద వజ్రాల ప్రస్తావనలు చాలా ఉన్నాయి. కానీ అది ఇదే అని కలిపే ముడి లేదు. అమ్మవారి కన్ను కథ అందంగా ఉంటుంది, ఆధారం లేదు. కృష్ణ ఒడ్డున ఉమ్మడి గుంటూరు జిల్లాలోని కొల్లూరు గని మాత్రం నిజమే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే చూసి, అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ కాలంలో లోకానికి పెద్ద వజ్రాలు వెళ్ళింది ఎక్కువగా మన గోల్కొండ రాజ్యం నుంచే, కాబట్టి కోహినూర్ కూడా ఇక్కడిదే అయ్యుండొచ్చు. "అయ్యుండొచ్చు" దగ్గర ఆగాలి, నేను ఆగలేదు.

అదే వాదనలో ఇంకొకడు "అది బ్రిటన్‌కు గిఫ్ట్" అంటే మాత్రం నేనూ, ఆ పంజాబ్ ఆయనా కలిసి దిగాం. 1849 లాహోర్ ఒప్పందంలో సిక్కు మహారాజు దాన్ని బ్రిటన్ రాణికి అప్పగించాలని ఒక షరతే ఉంది. సంతకం పెట్టిన దులీప్ సింగ్‌కు అప్పుడు పదేళ్ళు. ఓడిన రాజ్యంలో పదేళ్ళ పిల్లాడు ఇచ్చేది గిఫ్ట్ ఎలా అవుతుంది?

మరి ఆ తప్పు పోస్టు తీసేశారా?

లేదు. పైన రాసింది అలాగే ఉంచి, కింద "సవరణ" అని తేదీ వేసి, ఎక్కడ తప్పు రాశానో పది లైన్లు రాశాను. మూడు నెలలకోసారి ఎవరో ఒకరు ఆ సవరణ కనపడకుండా కత్తిరించి, పైభాగం స్క్రీన్‌షాట్ తీసి "సార్, ఇది చూశారా, అద్భుతం" అని నాకే ఫార్వర్డ్ చేస్తుంటారు.